ప్రార్థన ఎండిపోయినప్పుడు చర్చి క్యాలెండర్ నాకెలా పనికొచ్చిందంటే

వందనాలండి. ఒంగోలు నుంచి ఉద్యోగానికి చెన్నై వచ్చి రెండేళ్లయిందని రాశారు. పడుకునే ముందు చేసే ప్రార్థన రోజూ అవే నాలుగు మాటల్లో తిరుగుతోందని, అడ్వెంట్ (క్రిస్మస్ కోసం ఎదురుచూసే నాలుగు వారాలు), లెంట్ (ఈస్టర్ ముందు ఉపవాస దినాలు) అంటూ కాలాల ప్రకారం ప్రార్థిస్తే నిజంగా తేడా ఉంటుందా, లేక అది పెద్ద చర్చిల ఆచారమేనా అని అడిగారు. నాకైతే ఉంది. మాది గుంటూరు వైపు లూథరన్ కుటుంబం, పెళ్లయ్యాక 2008లో ఇక్కడికి వచ్చాను. చిన్నప్పుడు ఈ కాలాలంటే పల్పిట్ మీద గుడ్డ రంగు మారడమే, ఊదా, తెలుపు, ఆకుపచ్చ. వాటి అర్థం తెలిసింది మాత్రం ఈ ఊరి వానల్లో, ఎండల్లో.

2015 సంగతి చెబుతాను. ఆ ఏడు నవంబర్ 29 అడ్వెంట్ మొదటి ఆదివారం. ఇంట్లో పచ్చటి ఆకులు గుండ్రంగా పేర్చి నాలుగు కొవ్వొత్తులు పెట్టి మొదటిది వెలిగించాం, వారానికొకటి చొప్పున క్రిస్మస్ దాకా వెలిగిస్తూ పోవాలి. డిసెంబర్ 1న పట్టిన వాన ఆగలేదు. మేం అప్పుడు వేళచ్చేరిలో రెండో అంతస్తులో ఉండేవాళ్లం, తెల్లారేసరికి కింద బండ్లు హ్యాండిల్ దాకా మునిగాయి, కరెంటు లేదు, సిగ్నల్ లేదు, ఊళ్లో అమ్మావాళ్లకి మేం క్షేమంగా ఉన్నామని చెప్పే దారి లేదు. ఉన్న మామూలు కొవ్వొత్తులు రెండో రాత్రికే అయిపోయాయి. మా ఆయన ఆ నాలుగింటిలో రెండోది తీయబోతే మా అబ్బాయి, అప్పుడు వాడికి ఆరేళ్లు, చెయ్యి పట్టుకుని "నాన్నా, అది వచ్చే ఆదివారానిది" అన్నాడు. సరేనని మొదటిదే మళ్లీ వెలిగించాం. మైనం కారి సాసర్లో గడ్డకట్టి వత్తి ఒక పక్కకి వాలిపోయేదాకా, ఆ ఒక్కదాని వెలుగులో, కింది అంతస్తు వాళ్లతో కలిపి తొమ్మిదిమందిమి కూర్చున్నాం.

ఆ రాత్రి బైబిల్లో 130వ కీర్తన చదివాను. కావలివాళ్లు తెల్లవారడం కోసం కనిపెట్టే దానికంటే ఎక్కువగా నా ప్రాణం ప్రభువు కోసం కనిపెడుతోందని ఉంటుంది కదా. చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిందే, కానీ తెల్లారితే నీళ్లు తగ్గుతాయేమో, పాలు దొరుకుతాయేమో అని కిటికీ దగ్గర నిలబడ్డప్పుడు ఆ మాట వేరుగా వినిపిస్తుందండి. ఇక్కడ అడ్వెంట్ తుఫానుల కాలంలోనే పడుతుంది. 2023లో కూడా డిసెంబర్ 3 మొదటి ఆదివారం, మరునాటికల్లా మిచౌంగ్ తుఫాను వానకి సగం ఊరు నీళ్లలో ఉంది. అందుకని ఆ నాలుగు వారాలూ నాకోసం అడిగేది తగ్గించి, పల్లపు వీధుల్లో ఉండే మాకు తెలిసినవాళ్ల కోసం పేరుపేరునా ప్రార్థిస్తాను. మాటలు వెతుక్కోవలసిన పని ఉండదు.

లెంట్ విషయంలో ఒక లెక్క ముందే తెలుసుకోండి. లెంట్ మొదలయ్యే భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు రోజు దాకా 46 రోజులు, అందులో ఆరు ఆదివారాలు తీసేస్తే 40. ఆదివారం పునరుత్థానాన్ని తలుచుకునే రోజు కాబట్టి ఉపవాసంలోకి రాదు. ఇది తెలియక నేను మొదట్లో ఆదివారాలు కూడా బిగబట్టుకుని మూడో వారానికల్లా వదిలేసేదాన్ని.

2019 గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 19. ఆ ఎండాకాలం చెన్నైలో నీళ్లకి ఎంత కరువంటే, జూన్‌కల్లా పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం నాలుగు చెరువులూ దాదాపు ఎండిపోయాయి (మన కృష్ణా నీళ్లు కండలేరు నుంచి కాలువలో వచ్చి చేరేది ఆ పూండికే). ఆ రోజు తెల్లవారుజామున లారీ కోసం బిందెలు వరుసలో పెట్టి, నీళ్లు మోసి, పన్నెండింటికి, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల్ని ధ్యానించే ఆరాధనకి వెళ్లాను. ఐదో మాట దగ్గర, నేను దప్పిగొనుచున్నాను అని చదువుతుంటే, నా అరచేతిలో బిందె అంచు ఒత్తుకున్న ఎర్రటి గీత ఇంకా అలాగే ఉంది. అప్పటిదాకా ఆ దాహాన్ని ఆత్మల కోసం దాహమనే ప్రసంగాల్లో విన్నాను. అదీ నిజమే కావచ్చు, కానీ ఆయనకి నీళ్లు కావాలి, గొంతు ఎండిపోయింది, అది నాకు ఆ రోజే తట్టింది. అప్పటి నుంచి లెంట్ శుక్రవారాల్లో గేటు దగ్గర మట్టికుండలో నీళ్లు పెడతాను. చెత్త తీసుకెళ్లే అమ్మ తాగి వెళ్తుంది. అది కూడా ప్రార్థనేనని నా నమ్మకం.

ఈస్టర్ మొదలుకొని పెంతెకొస్తు (పరిశుద్ధాత్మ దిగివచ్చిన పండుగ) దాకా 50 రోజులూ పండుగ కాలమే, మనం మాత్రం ఒక్క ఉదయం ఆరాధనతో ముగించేస్తాం. అది నాకు బాధగానే ఉంటుంది.

ఇక మీరున్నది ఇప్పుడు పెంతెకొస్తు తర్వాత వచ్చే పొడుగు కాలంలో, ఏడాదిలో దాదాపు సగం ఇదే. పండుగ లేదు, పాటలు లేవు, ఆఫీసు, ట్రాఫిక్, పీజీ గది. ప్రార్థన ఎండిపోయేది ఎక్కువగా ఇక్కడే, అది మీ విశ్వాసం తగ్గినందువల్ల కాదు, దానికోసం టెన్షన్ పడొద్దు. నేను ఈ కాలంలో సొంత మాటలు పక్కన పెట్టి రోజుకో కీర్తన చదువుతాను. మొత్తం 150, అందులో 119వది పెద్దది, ఎనిమిదేసి వచనాల చొప్పున 22 భాగాలు, దాన్ని 22 రోజులు చేసుకుంటే అంతా కలిపి 171 రోజులు. పెంతెకొస్తు నుంచి అడ్వెంట్‌కి ఇంచుమించు సరిపోతుంది, ఈస్టర్ తొందరగా వచ్చిన ఏడు కొన్ని రోజులు మిగులుతాయి. కోపంగా ఉన్న కీర్తనలు వస్తాయి, దేవుణ్ణి నిలదీసేవి వస్తాయి, దాటేయకుండా చదవండి. మనం ఆయన ముందు అనడానికి భయపడేవన్నీ అందులో ముందే ఉన్నాయి.

నవంబర్ 30కి దగ్గర్లో పడే ఆదివారం అడ్వెంట్ మొదలవుతుంది. దానికోసం ఆగకండి, అప్పటికి ఎన్నో కీర్తన దాకా వస్తే అక్కడ గుర్తు పెట్టుకోండి. ఈ రాత్రి మొదటి కీర్తన పైకి చదవండి, ఆరే వచనాలు.