డబ్బాలో దొరికింది తీసుకోవచ్చా?

ప్రశ్న: కొత్తగా జియోకాషింగ్ (జీపీఎస్ సాయంతో, ఎవరో దాచిన డబ్బాలను వెతికే ఆట) మొదలుపెట్టాను. దొరికిన డబ్బాలో చిన్న బొమ్మలున్నాయి, తీసుకోవచ్చా? అసలీ ఆట ఎలా పుట్టింది?

జవాబు: హాయిగా తీసుకోండి, బదులుగా అంతకు తగ్గ వస్తువొకటి పెట్టి, లాగ్‌బుక్‌లో (డబ్బాలోనే ఉండే చిన్న పుస్తకం) పేరు, తేదీ రాసి, డబ్బాను ఎక్కడ దొరికిందో అక్కడే దాచేయండి. ఇది మొదటి డబ్బా నాటి నుంచీ ఉన్న పద్ధతే. ఇక ఆట ఎలా పుట్టిందంటే, ఒకప్పుడు జనం వాడుకునే జీపీఎస్ సిగ్నల్‌ను అమెరికా ప్రభుత్వం కావాలనే చెడగొట్టి ఇచ్చేది, దాంతో వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే 2న ఆ అడ్డు తీసేశారు. మర్నాడే డేవ్ అల్మర్ అనే ఆయన ఒరెగాన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ దగ్గర అడవిలో నల్ల ప్లాస్టిక్ బకెట్‌ను సగం పాతిపెట్టి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో పెట్టేశాడు. అందులో పుస్తకాలు, సాఫ్ట్‌వేర్, ఒక ఉండేలు, చిక్కుడు గింజల డబ్బా కూడా ఉన్నాయట (అదెవరికి పనికొస్తుందనుకున్నాడో!). మైక్ టీగ్ అనే ఆయన ఆ బకెట్‌ను అందరికంటే ముందు వెతికి పట్టుకున్నాడు. ఇప్పుడక్కడ స్మారక ఫలకం ఉంది, సరదాపరులు వెతుక్కుంటూ వెళ్లి ఫొటోలు దిగుతారు. తమాషా ఏమిటంటే, స్థలం యజమాని అనుమతి లేకుండా గొయ్యి తవ్వి డబ్బా పాతడం ఇవాళ్టి నిబంధనలకే విరుద్ధం.

అన్నట్టు, నంబరు చెక్కిన బిళ్ల తగిలించిన వస్తువు కనిపిస్తే మాత్రం దాచుకోకండి, అది ట్రావెల్ బగ్, అంటే డబ్బా నుంచి డబ్బాకి ప్రయాణించే వస్తువు, ఇంకో డబ్బాకి చేర్చాలి.