ఎడారి పెరట్లో దేవగన్నేరు, రేల, తురాయి బతుకుతాయా?

హైదరాబాద్ నుంచి అరిజోనాలోని ఫీనిక్స్‌కు మారిన మీరు, పుట్టింటి ముందున్న దేవగన్నేరు, రేల, తురాయి చెట్లను అక్కడి పెరట్లో పెంచవచ్చునా అని అడిగారు. మా అమ్మాయి ఆ నగరంలోనే ఉంటుంది. చలికాలంలో మేము అక్కడికి వెళుతుంటాము, మిగతా నెలల్లో సైనిక్‌పురిలోని మా పెరట్లో ఇవే చెట్లను చూసుకుంటాము. పెంచవచ్చు గానీ, మూడింటికీ ఒకే జవాబు లేదు.

హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడితే, ఫీనిక్స్‌లో 200 కూడా దాటదు. మబ్బు లేని ఆ పొడి ఆకాశం కిందనే డిసెంబరు, జనవరి రాత్రుల్లో నేల వేడి త్వరగా పైకి పోయి, అప్పుడప్పుడు ఉష్ణోగ్రత సున్నాకు దిగుతుంది. అందుకే చోటు ఎంపిక అన్నిటికంటే ముఖ్యమని నా అభిప్రాయం. ఇంటికి దక్షిణపు గోడ పక్కన నాటండి. చలికాలంలో సూర్యుడు దక్షిణంగా వాలి నడుస్తాడు కనుక ఆ గోడ పగలంతా కాగి రాత్రి వేడిని వదులుతుంది, వేసవిలో సూర్యుడు నడినెత్తికి చేరడంతో పడమటి గోడ మాదిరిగా మొక్కను మాడ్చదు. నాటే ముందు గుంతను నీటితో నింపి చూడండి. మరునాటికీ ఇంకకపోతే అడుగున గట్టి సున్నపు పొర ఉందని అర్థం, దాన్ని పగలగొట్టాలి.

దేవగన్నేరును కుండీలో పెంచడమే మేలు. ఆకు రాలగానే నీరు ఆపి గ్యారేజీలో పెట్టండి. ఆకులు లేని ఆ నెలల్లో దానికి వెలుతురు అక్కరలేదు, తడి ఉంటేనే కాండం కుళ్ళుతుంది. రేలకు మాను ముదిరేవరకు, అంటే మొదటి రెండు మూడు చలికాలాలు, కాపలా కావాలి. గడ్డకట్టే రాత్రికి ముందురోజు పాదుకు బాగా నీరు పెట్టండి, తడి నేల పగటి వేడిని ఎక్కువగా దాచుకుంటుంది. సాయంత్రం పాత దుప్పటిని నేలకు ఆనేలా కప్పి పొద్దున్నే తీసేయండి. ప్లాస్టిక్ పట్టా వద్దు, అది తగిలిన చోటల్లా ఆకు మాడుతుంది. నల్లబడిన కొమ్మలను చూడలేక వెంటనే కత్తిరించబోతారు (మా అల్లుడి కత్తెరను దాచవలసి వచ్చింది), కానీ మార్చి వరకు ఆగాలి. ముందే కోస్తే వచ్చే లేత చిగురు తరువాతి చలికి పోతుంది. అదే కారణంగా ఆగస్టు తరువాత ఎరువు వేయకూడదు.

తురాయిని మాత్రం నేను సిఫారసు చేయను. మడగాస్కర్ నుంచి వచ్చిన ఆ చెట్టు లేత వయసులో గడ్డకట్టే చలికి తట్టుకోలేదు, పూతకు వచ్చే పరిమాణానికి పెరిగాక కప్పడం ఎవరి తరమూ కాదు. ఆ ఎరుపే కావాలంటే రత్నగంధి నాటండి. ఫీనిక్స్ వీధుల్లో విరివిగా కనబడే పొద అది, పైభాగం చలికి చచ్చినా వేసవి రాగానే మొదలు నుంచి చిగురించి, ఎండ ముదిరేకొద్దీ పూస్తుంది.