పాఠకుల ప్రశ్నలు: పెరటి పొద్దుతిరుగుడు, కోత నుంచి మూకుడు దాకా

ప్రశ్న: ఈ ఏడాది మా పెరట్లో పన్నెండు పొద్దుతిరుగుడు మొక్కలు పెంచాను. రామచిలుకలు వాలుతున్నాయన్న భయంతో, రేకులు వాడగానే పువ్వులు కోసి, గింజలు వలిచి, రాత్రంతా ఉప్పునీటిలో నానబెట్టి, తెల్లవారగానే మూకుట్లో వేయించాను. పైతొక్క మాడింది కానీ లోపలి పప్పు మెత్తగా, పచ్చివాసనతో ఉండిపోయింది. పువ్వు నడిమి గింజల్లో అయితే అసలు పప్పే లేదు. పొరపాటు ఎక్కడ జరిగింది?
– ఒక గృహిణి, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: అమ్మా, రేకులు వాడడం పువ్వు పని ముగిసిందనడానికి గుర్తే తప్ప, గింజ పండిందనడానికి గుర్తు కాదు. గింజలోకి పాలు చేరి, అవి గట్టిపడి పప్పు కావడానికి ఆ తరువాత సుమారు నెల రోజులు పడుతుంది. అందువల్ల పువ్వు ముఖాన్ని కాక వీపును చూడడం అలవాటు చేసుకోండి. ఆకుపచ్చగా ఉన్న వీపు నిమ్మపండు రంగుకు తిరిగి, అక్కడక్కడ గోధుమరంగు మచ్చలు పడినప్పుడే కోతకు వచ్చినట్లు. ఒక గింజను తీసి గోటితో నొక్కి చూడండి. తొక్క నొక్కుకుపోయి తెల్లని పాలు వస్తే ఇంకా ఆగాలి. గోరు దిగకుండా, చీల్చినప్పుడు పప్పు పుటుక్కున విరిగితే కోయవచ్చు.

చిలుకల బెడదకు పాత దోమతెర ముక్కను గానీ, పలుచని నూలుగుడ్డను గానీ పువ్వుకు వదులుగా కట్టండి. పాలిథిన్ సంచి మాత్రం వద్దు. ఒక అక్టోబరు ముసురులో నేను ఆ పని చేసి, నాలుగు రోజుల తరువాత విప్పి చూస్తే లోపలంతా చెమ్మ పట్టి, గింజల మధ్య తెల్లటి బూజు అల్లుకుని ఉంది. బూజు విషం వేయించినా పూర్తిగా పోదు కనుక పంటనంతా పారవేయవలసి వచ్చింది. మన ప్రాంతంలో తుపాను కబురు వినిపిస్తే, వీపు పసుపు తిరిగిన పువ్వులను మూరెడు కాడతో కోసి, గాలి ఆడే వసారాలో తలకిందులుగా పది పదిహేను రోజులు వేలాడదీయండి. బాగా ఎండిన పువ్వును అరచేత్తో రుద్దితే చాలు, గింజలు జలజల రాలుతాయి. చేటతో చెరిగితే తాలు తేలిపోతుంది.

నడిమి గింజలు తాలు కావడానికి కారణం వేరు. పొద్దుతిరుగుడు ఒక్క పువ్వు కాదు, వందల చిన్న పువ్వుల గుత్తి. అవి అంచు నుంచి లోపలికి రోజుకు కొన్ని చొప్పున విచ్చుకుంటాయి కనుక నడుమ ఉన్నవాటికి పుప్పొడీ, పోషకమూ చివరగా అందుతాయి. తేనెటీగలు తక్కువగా తిరిగే పెరట్లో, పూత దశలో ఉదయం తొమ్మిది, పదకొండు గంటల మధ్య చేతికి మెత్తని గుడ్డ చుట్టుకుని ఒక పువ్వు తరువాత మరొక పువ్వును సున్నితంగా నిమరండి. రోజు విడిచి రోజు ఇలా చేస్తే గింజ బాగా కట్టుతుంది.

ఇక వేయించడం. లీటరు నీటికి రెండు పెద్ద చెంచాల ఉప్పు కలిపి రాత్రి నానబెట్టడం సరైన పద్ధతే. అయితే నీరు వంచిన తరువాత గింజలను గుడ్డమీద పరిచి, తొక్క గలగలమనే వరకు ఒకటి రెండు రోజులు ఎండనివ్వాలి. తడి గింజ మూకుట్లో ముందు ఉడుకుతుంది, ఆ తడి పోయేలోగా తొక్క మాడుతుంది; మీకు జరిగింది ఇదే. ముఢీ (మరమరాలు) వేయించేవారు వేడి ఇసుకను వాడడం మీరు చూసే ఉంటారు. కడిగి ఎండబెట్టిన ఇసుకను మూకుట్లో కాచి, పూర్తిగా ఆరిన గింజలను గుప్పెడు చొప్పున వేసి, సన్నని సెగమీద అట్లకాడతో ఆపకుండా తిప్పి జల్లెడ పట్టండి. వేడి అన్ని వైపులా సమంగా తగులుతుంది కాబట్టి నాకు ఈ పద్ధతే మేలనిపిస్తుంది. ఓవెన్ ఉన్నవారు 150 డిగ్రీల సెల్సియస్ వద్ద, మధ్యమధ్య కలుపుతూ, 30 నుంచి 40 నిమిషాలు ఉంచవచ్చు. ఎలా వేయించినా ఒక గింజను చీల్చి చూస్తూ ఉండండి. పప్పు లేత గోధుమరంగుకు రాగానే దించాలి, ఎందుకంటే దించిన తరువాత కూడా ఆ వేడికే రంగు ముదురుతుంది.

ప్రశ్న: విత్తనాలకు కొన్నవాటిలో మిగిలిన గింజలు వేయించుకోవచ్చా? ఇంట్లో వేయించినవి నెలకే ముక్క వాసన వస్తున్నాయి, ఎందుకు?
– ఒక పాఠకుడు, గుణుపురం, రాయగడ జిల్లా

జవాబు: విత్తన గింజలకు పురుగుమందో, తెగులుమందో పట్టించి ఉంటారు కనుక వాటిని ఎంత కడిగినా తినకూడదు. వాసన సంగతికి వస్తే, పప్పు బరువులో దాదాపు సగం నూనే. వేయించిన తరువాత అది గాలి తగిలి త్వరగా చెడుతుంది. ఎండబెట్టిన పచ్చి గింజలను తొక్కతోనే నిల్వ ఉంచి, వారానికి సరిపడా మాత్రమే వేయించుకోండి. వేయించినవి పూర్తిగా చల్లారాకే గాజుసీసాలో పోసి మూత బిగించండి. వేడిమీద బిగిస్తే లోపల ఆవిరి పట్టి మెత్తబడతాయి.