రోజూ గంట నడుస్తున్నా అమ్మ ఎముకలు ఎందుకు పల్చబడ్డాయి? ఈ వయసులో బరువులెత్తొచ్చా?

మీరు అడిగింది ఇదీ: అమ్మగారికి 58 ఏళ్లు, పదేళ్లుగా రోజూ గంట నడుస్తున్నారు, అయినా ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో నడుము దగ్గర టీ స్కోర్ మైనస్ 2.3 వచ్చింది. మరి నడక చాలదా, ఈ వయసులో బరువులెత్తితే ప్రమాదం కాదా, ఆమె కూతురిగా 31 ఏళ్ల మీరు ఇప్పుడే ఏమైనా మొదలుపెట్టాలా అని. నేను డాక్టర్‌ని కాదు. నాకిప్పుడు 54. నాలుగేళ్ల కిందట నా చేతికీ దాదాపు ఇలాంటి రిపోర్టే వచ్చింది. అప్పటినుంచి చదివి తెలుసుకున్నవీ, చేసి చూసుకున్నవీ రాస్తున్నాను.

ముందు సూటిగా చెప్పేస్తాను. అమ్మగారు నడక మానక్కర్లేదు, గుండెకీ షుగర్‌కీ మనసుకీ అది మంచిదే, కానీ ఎముకకు మాత్రం చాలదు. పక్కన సరిగ్గా నేర్పేవాళ్లుంటే బరువులెత్తడం మీరు భయపడుతున్నంత ప్రమాదం కాదు. మీరు మాత్రం ఈ వారమే మొదలుపెట్టండి.

నా సంగతి చెప్తాను. 48 ఏళ్లప్పుడు నేను 74 కిలోలు ఉండేదాన్ని. షుగర్ అంచు మీద ఉందని తగ్గమన్నారు. తిండి సగానికి సగం తగ్గించి, పొద్దునా సాయంత్రం నడిచి, ఏడాదిలో 13 కిలోలు తగ్గాను. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు, నాకూ చాలా సంతోషంగా ఉండేది. సరిగ్గా అప్పుడే నెలసరి ఆగిపోయింది, ఎముకను తగ్గించే ఆ రెండూ ఒకేసారి జరగడం గురించి నేనూ ఆలోచించలేదు, చూసిన డాక్టరూ ఏమీ అనలేదు. మరుసటి ఏడాది మా అమ్మ 76వ ఏట బాత్రూమ్‌లో జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసిన ఎముకల డాక్టర్, తల్లికో తండ్రికో తుంటి విరిగితే పిల్లలకూ రిస్క్ ఎక్కువ, నువ్వూ స్కాన్ చేయించుకో అన్నారు. నడుము మైనస్ 2.4, తుంటి మైనస్ 1.9. ఆ కాగితం పట్టుకుని కారిడార్‌లో చాలాసేపు కూర్చుండిపోయాను, లోపల మంచం మీద అమ్మ, బయట నేను.

టీ స్కోర్ అంటే ఆరోగ్యంగా ఉన్న యువతుల సగటుతో మన ఎముక సాంద్రతను పోల్చి చెప్పే అంకె. మైనస్ 1 దాకా మామూలే, మైనస్ 1 నుంచి 2.5 మధ్య ఉంటే సాంద్రత తగ్గినట్టు, మైనస్ 2.5గానీ అంతకంటే కిందగానీ ఉంటే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారడం. ఈ గీత ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో గీసింది. 2.3 దగ్గర ఉన్నాం కాబట్టి పర్వాలేదనుకోకండి, గీతకు ఇవతల ఉన్నవాళ్లకూ ఎముకలు విరుగుతాయి. అలాగని బెంబేలెత్తాల్సిన పనీ లేదు. డెక్సా మీద పడేది ఎముక నీడ లాంటిది, దాని మందం యంత్రానికి తెలియదు, అందుకని సన్నని, పొట్టి ఎముకలున్నవాళ్లకు స్కోర్ అసలు కంటే కాస్త తక్కువగా కనపడుతుంది.

ఇక నడక ఎందుకు చాలదో. ఎముకను మనం గోడలో ఇటుకలాగా ఊహించుకుంటాం గానీ అది ప్రాణమున్న కణజాలం, ఒక రకం కణాలు పాతదాన్ని తినేస్తుంటే ఇంకో రకం కణాలు కొత్తది పోస్తూ ఉంటాయి. ఎక్కడ తినాలో ఎక్కడ పొయ్యాలో చెప్పేది ఎముక లోపల ఇరుక్కుని ఉండే ఆస్టియోసైట్ కణాలు. బరువు పడినప్పుడు ఎముక కంటికి కనపడనంత కొద్దిగా వంగుతుంది, ఆ వంపును ఇవి పసిగడతాయి. పడే భారాన్ని బట్టి ఎముక తన ఆకారం మార్చుకుంటుందని జర్మన్ సర్జన్ యూలియస్ వోల్ఫ్ 1892లోనే రాశాడు. భారం పూర్తిగా పోతే ఏమవుతుందో వ్యోమగాముల్లో చూశారు, అంతరిక్షంలో తుంటి ఎముక నెలకు 1 శాతానికి పైగా కరిగిపోతుంది, అంటే మెనోపాజ్ తర్వాత ఒక స్త్రీ ఏడాదిలో పోగొట్టుకునేంత వాళ్లకు ఒకటి రెండు నెలల్లోనే పోతుంది.

అయితే ఎముకకు అలవాటు పడే గుణం ఒకటుంది, అసలు కిటుకంతా అక్కడే. 1984లో రూబిన్, లాన్యన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పక్షి రెక్క ఎముక మీద యంత్రంతో భారం వేసి చూశారు. రోజుకు నాలుగుసార్లు వేస్తే ఎముక తగ్గకుండా నిలిచింది, 36 సార్లు వేస్తే పెరిగింది, 360 సార్లు వేసినా 1800 సార్లు వేసినా అంతకంటే ఎక్కువ పెరగలేదు. ఇది చదివాక నా రెండు పూటల నడక గుర్తొచ్చింది. ప్రతి అడుగూ ఒకే భారం, ఎముకకు ఎప్పుడో తెలిసిపోయిన భారం, పది అడుగులేసినా పదివేలేసినా దానికి కొత్త కబురేమీ లేదు. దానికి కావాల్సింది గట్టిగా, తక్కువసార్లు, అలవాటు లేని దిశలో పడే భారం. గంటలకొద్దీ సైకిల్ తొక్కే క్రీడాకారుల్లో, గుండె ఎంత బలంగా ఉన్నా, నడుము ఎముక పల్చగా కనపడటానికి కారణం ఇదే, ఈత కొట్టేవాళ్లకూ నీళ్లలో ఒంటి బరువు ఎముక మీద పడదు.

ఈ వయసులో బరువులా అన్న మీ భయానికి నా దగ్గరున్న మంచి సమాధానం ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్ యూనివర్సిటీలో బెలిండా బెక్ బృందం చేసిన లిఫ్ట్‌మోర్ అనే ప్రయోగం. అచ్చంగా మీ అమ్మగారి లాంటివాళ్ల మీదే చేశారు: నెలసరి ఆగిపోయి, 58 దాటి, ఎముక సాంద్రత తగ్గిన 101 మంది స్త్రీలు. సగం మందికి ఇంట్లో చేసుకునే తేలిక వ్యాయామాలిచ్చారు. మిగతా సగం మందితో వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, పక్కన శిక్షకులుండగా, నేలమీంచి బరువెత్తడం, భుజాల మీద బరువుతో కూర్చుని లేవడం, తలపైకి ఎత్తడం, ఎగిరి కడ్డీ పట్టుకుని దబ్బున దిగడం చేయించారు. మొదటి నెల తేలిక బరువులతో పద్ధతి నేర్పి, ఆ తర్వాత వాళ్లు ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠ బరువులో 85 శాతానికి పైగా పెట్టి, ఐదుసార్ల చొప్పున ఐదు విడతలు. ఎనిమిది నెలల తర్వాత చూస్తే బరువులెత్తిన వాళ్లకు నడుము ఎముక 2.9 శాతం పెరిగింది, తేలిక వ్యాయామం చేసినవాళ్లకు 1.2 శాతం తగ్గింది. దెబ్బల సంగతికొస్తే బరువులెత్తినవాళ్లలో ఒకరికి నడుము కాస్త పట్టేసింది, అంతే. 2.9 శాతమేగా అనిపించొచ్చు, కానీ ఆ వయసులో ఏటా తగ్గాల్సింది పెరగడమే పెద్ద విషయం.

కానీ దయచేసి ఇది చదివి అమ్మగారిని రేపే జిమ్‌కి తీసుకెళ్లి బరువుల కడ్డీ పట్టించకండి. ముందు వెన్ను ఎక్స్‌రే గురించి డాక్టర్‌ని అడగండి, వెన్నుపూస తెలియకుండానే నలిగి ఉండొచ్చు, చాలామందికి నొప్పి కూడా ఉండదు. యవ్వనంలో ఉన్నదానికంటే ఎత్తు నాలుగు సెంటీమీటర్లు తగ్గి ఉంటే అనుమానించాలి. నేను ఒక ఫిజియోథెరపిస్ట్ దగ్గర మొదలుపెట్టాను. మొదటి రెండున్నర నెలలు చేతిలో ఉత్త కర్రే, నడుము వంచకుండా తుంటి దగ్గర మాత్రమే ఎలా మడవాలో నేర్పారు. నాకు విసుగొచ్చేది, నేను బలహీనురాలిననుకుంటున్నారా అని ఒకసారి అడిగేశాను కూడా, కానీ ఆ రెండున్నర నెలల వల్లే తర్వాత ఏ దెబ్బా తగల్లేదని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను. తర్వాత 10 కిలోలు, 15, అలా మెల్లగా పెంచుకుంటూ రెండేళ్లకు నేలమీంచి 50 కిలోలు ఎత్తే స్థాయికొచ్చాను. గెంతడం మాత్రం మొదట్లో చెయ్యలేకపోయాను, గెంతితే మూత్రం చుక్కలు పడేవి. ఇది చెప్పుకోడానికి ఆడవాళ్లు సిగ్గుపడి మొత్తం వ్యాయామమే మానేస్తారు, అందుకే రాస్తున్నాను. దానికీ వ్యాయామాలున్నాయి, కటి కండరాలు బిగించడం ఆరు నెలలు చేశాక చాలావరకు తగ్గింది. అందాకా మునివేళ్ల మీద లేచి మడమలు దబ్బున నేలకు కొట్టడంతో సరిపెట్టుకున్నాను. వీపు గుండ్రంగా వంచి ముందుకు వంగడం, బరువు పట్టుకుని నడుము తిప్పడం పల్చబడ్డ వెన్నుకు మంచివి కావు, అవి వద్దన్నారు.

రెండేళ్ల తర్వాత స్కాన్‌లో నడుము మైనస్ 2.2, తుంటి మైనస్ 1.9, అంటే తుంటి కదల్లేదు. నడుములో పెరిగినట్టు కనపడేదీ కొంత యంత్రం తేడా కావచ్చని, కానీ నెలసరి ఆగిన కొత్తలో, ఎముక వేగంగా కరిగే ఆ కొన్నేళ్లలో, తగ్గకుండా నిలబెట్టుకోవడం మంచి ఫలితమేనని డాక్టర్ అన్నారు. నేనైతే స్కాన్ రెండో పేజీ చూసి ఎక్కువ సంతోషపడ్డాను. అందులో కొవ్వెంత, కండెంత అని విడివిడిగా ఉంటుంది. బరువు 61 నుంచి 63 అయింది, పాత నేనైతే ఏడ్చేదాన్ని, కానీ కండ రెండున్నర కిలోలు పెరిగి కొవ్వు కాస్త తగ్గింది.

బరువు గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే నేను చేసిన తప్పు అక్కడే. 2011లో డెనిస్ విల్లరియల్ బృందం ఊబకాయం ఉన్న పెద్ద వయసువాళ్ల మీద ఏడాదిపాటు చేసిన అధ్యయనంలో, తిండి మాత్రమే తగ్గించినవాళ్లకు తుంటి ఎముక సాంద్రత 2.6 శాతం తగ్గింది, తిండితోపాటు బరువులెత్తడం లాంటి వ్యాయామం కూడా చేసినవాళ్లకు 1.1 శాతమే తగ్గింది. అంటే బరువు తగ్గితే ఎముక కొంత పోతుంది, వ్యాయామం ఆ నష్టాన్ని తగ్గిస్తుంది. నేను తగ్గిన 13 కిలోల్లో కొవ్వెంతో, కండెంతో, ఎముకెంతో ఎప్పటికీ తెలుసుకోలేను, ముందు స్కాన్ లేదు కదా. అమ్మగారు ఇప్పుడు బరువు తగ్గే ప్రయత్నంలో ఉంటే నెమ్మదిగా, ప్రోటీన్ తగ్గకుండా, బరువులెత్తడం వదలకుండా తగ్గమనండి. ఇంట్లో ఉండే, ఎక్కి నిలబడగానే కొవ్వు శాతం చూపించే కాటాలను పెద్దగా నమ్మొద్దు, ఒంట్లో నీటిని బట్టి పొద్దునొక అంకె రాత్రికొక అంకె చూపిస్తాయి.

మీ సంగతి. 31 అంటే ఎముక ఖాతాలో జమ దాదాపు అయిపోయి, ఉన్నది కాపాడుకునే వయసు. జమ ఎక్కువగా జరిగేది ఎదిగే వయసులో, కెనడాలోని సస్కచ్వాన్‌లో పిల్లల్ని ఏళ్ల తరబడి గమనిస్తే, పెద్దయ్యాక ఉండే ఎముక ఖనిజంలో దాదాపు నాలుగోవంతు, పొడవు వేగంగా పెరిగే ఆ రెండేళ్లలోనే చేరుతోందని తేలింది. టెన్నిస్ ఆడే స్త్రీలలో బ్యాట్ పట్టే చేతి ఎముక రెండోదానికంటే గట్టిగా ఉంటుంది, రజస్వల కాకముందే ఆట మొదలుపెట్టినవాళ్లలో ఆ తేడా ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లకంటే దాదాపు రెట్టింపు అని ఫిన్లాండ్‌లో 1995లో చూపించారు. మా అమ్మాయికి 14, రోజూ పది నిమిషాలు స్కిప్పింగ్ చేయిస్తున్నాను, పరీక్షల టెన్షన్‌లో కూడా మాననివ్వను. మీరు వారానికి రెండురోజులు బరువులెత్తండి, కాసేపు గెంతండి. ఒక్కటి మాత్రం జాగ్రత్త, తిండి బాగా తగ్గించి వ్యాయామం పెంచినప్పుడు నెలసరి ఆగినా, తప్పుతూ వచ్చినా, ఎముక కరుగుతోందన్న హెచ్చరికగా తీసుకుని వెంటనే డాక్టర్‌ని కలవండి.

మాత్రల గురించి కూడా అడుగుతారేమో. కాల్షియం, విటమిన్ డి తక్కువుంటే తప్పకుండా వేసుకోవాలి. కానీ లోపం ఉందా లేదా చూడకుండా వేసుకుంటే ఎముకలు విరగవనుకోకండి, దాదాపు 26 వేలమంది మీద చేసిన వైటల్ ప్రయోగంలో విటమిన్ డి మాత్రలు ఎముకలు విరగడాన్ని తగ్గించలేదని 2022లో తేలింది. ఇక ఎముకల మందులు వేరు, డాక్టర్ అవసరమంటే వ్యాయామం చేస్తున్నాం కదా అని వాటిని నిరాకరించొద్దు.

మా అమ్మకిప్పుడు 80. వేరే ఏం చేసినా ఆ తుంటి మునుపటిలా కాదని నాకు తెలుసు, కానీ 1990లో మరియా ఫియాటరోన్ తొంభై ఏళ్ల చుట్టూ ఉన్న పదిమంది వృద్ధులతో ఎనిమిది వారాలు బరువులు చేయిస్తే కాళ్ల బలం రెట్టింపుకు మించి పెరిగిందని చదివాక ఊరుకోలేకపోయాను. రోజూ కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం చేయిస్తున్నాను. మొదట ఒక్కసారి కూడా లేవలేకపోయేది, ఇప్పుడు ఎనిమిదిసార్లు లేస్తుంది. తుంటి విరగడంలో ఎక్కువ శాతం పడటం వల్లే, బ్యాలెన్స్‌కీ కాళ్ల బలానికీ వ్యాయామం చేస్తే పడటాలు దాదాపు నాలుగోవంతు తగ్గుతాయి.

మీరు నడుము స్కోర్ ఒక్కటే రాశారు, రిపోర్టులో తుంటి స్కోర్ కూడా ఉంటుంది, అదెంతో చూడండి. మళ్లీ స్కాన్ ఏడాదిన్నర రెండేళ్లకు, అదే యంత్రం మీద చేయించండి, యంత్రం మారితే పోల్చడం కష్టం. తుంటి స్కోర్, అమ్మగారి ఎత్తు తగ్గిందో లేదో, ఇంతకుముందు ఎప్పుడైనా ఎముక విరిగిందో రాస్తే, ఫిజియోథెరపిస్ట్‌ని మొదటిరోజు ఏమేం అడగాలో నేను అడిగినవి రాసి పెడతాను.