వారంటీ దాటాక ఫ్రిజ్ చెడిపోతే కంపెనీని అడగొచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ. డబుల్ డోర్ ఫ్రిజ్ కొని 14 నెలలైంది. పదకొండో నెలలో కూలింగ్ తగ్గితే కంపెనీ మెకానిక్ వచ్చి ఉచితంగా గ్యాస్ నింపి వెళ్లాడు. ఇప్పుడు మళ్లీ అదే సమస్య. కంప్రెసర్ పోయింది, వారంటీ అయిపోయింది, 9 వేలు కట్టండి అంటున్నారు. కట్టాల్సిందేనా?

జవాబు: ఇప్పుడే కట్టకండి. మీకు పనికొచ్చే పాయింటు మీ ప్రశ్నలోనే ఉంది. ఫ్రిజ్‌లో గ్యాస్ వాడేకొద్దీ అయిపోదు, మూసి ఉన్న పైపుల్లోనే తిరుగుతుంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకైనట్టే. ఆ లీకు పట్టుకోకుండా గ్యాస్ నింపి వెళ్తే సమస్య తీరినట్టు కాదు. అంటే లోపం బయటపడింది వారంటీలోనే, సరిగ్గా బాగుచేయనిది వాళ్లే. అప్పుడు కంప్లైంట్ నంబరుతో వచ్చిన ఎస్సెమ్మెస్ మీ ఫోన్‌లో ఉందేమో వెతకండి. దాన్ని మించిన ఆధారం లేదు.

ఇంకోటి, వారంటీ కార్డు మళ్లీ చదవండి. చాలా ఫ్రిజ్‌లకు కంప్రెసర్ వారంటీ వేరుగా ఉంటుంది, కొన్నింటికి పదేళ్లు. లేబర్, గ్యాస్ చార్జీలు మాత్రం అందులో రాకపోవచ్చు. అందుకే ఏ పార్టు పోయింది, దేనికెంత అన్నది జాబ్‌షీట్ మీద విడివిడిగా రాయించుకోండి. ‘రాసివ్వం’ అంటే వాళ్లు చెప్పిందంతా మీరే ఈమెయిల్‌లో రాసి కంపెనీకి పంపండి.

దారికి రాకపోతే 1915కు ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. చాలా గొడవలు అక్కడే తెగిపోతాయి. తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కంపెనీ ఆఫీసు ఢిల్లీలో ఉన్నా సరే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే చోటే కేసు వేయొచ్చు. వస్తువు ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. గడువు రెండేళ్లు. ఉత్తరాలు రాస్తూ కూర్చుంటే ఈ గడువు ఆగదు, గుర్తుంచుకోండి.

అయితే వారంటీ దాటిన ప్రతి రిపేరూ కంపెనీ నెత్తిన వేయలేం. ఏళ్ల తరబడి వాడి అరిగిన రబ్బరుకో, వోల్టేజీ ఎక్కువై కాలిన బోర్డుకో కేసు నిలబడదు. మీది అలాంటిది కాదు.

ఎండాకాలంలో ఫ్రిజ్ లేకుండా ఇల్లు గడవదన్న టెన్షన్ నాకు అర్థమవుతుంది. తప్పక డబ్బు కట్టాల్సి వస్తే ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని బిల్లు మీద రాయండి. పాత కంప్రెసర్ వాళ్లకు ఇవ్వకుండా మీ దగ్గరే పెట్టుకోండి. కమిషన్ అవసరమనుకుంటే దాన్ని ల్యాబ్‌కు పంపి పరీక్ష చేయిస్తుంది. అప్పటిదాకా బయటి మెకానిక్‌తో విప్పించకండి. విప్పిస్తే, చెడగొట్టింది అతనేనని కంపెనీ తప్పించుకుంటుంది.