నానో రోబోలు నిజంగా వస్తాయా? కథలు చదివి ఆ కోర్సులో చేరవచ్చా?

మీ తమ్ముడు కథల్లో నానో రోబోల గురించి చదివి ఎం.టెక్ నానో టెక్నాలజీలో చేరతానంటున్నాడని, రక్తంలో తిరుగుతూ రోగాలు బాగుచేసే ఆ యంత్రాలు నిజమా, వట్టి కల్పనా అని అడిగారు. నేను విశాఖలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఈ మాట అడుగుతూనే ఉంటారు.

వాళ్లకు జవాబు ల్యాబ్‌లోనే చూపిస్తాను. బంగారం ఉన్న క్లోరోఆరిక్ ఆసిడ్ పలుచని ద్రావణాన్ని మరిగించి సోడియం సిట్రేట్ కలిపితే కొద్ది నిమిషాల్లో అది ముందు నల్లబడి, తర్వాత ఎర్రగా తేరుకుంటుంది. ఆ ఎరుపు సుమారు 15, 20 నానోమీటర్ల బంగారు రేణువులది (మిల్లీమీటరులో పది లక్షల వంతు ఒక నానోమీటరు). "రోబో ఏది మేడమ్?" అని మొహాలు వేలాడేస్తారు. అప్పుడు ఆర్కే బీచ్ నుంచి వాళ్లే సీసాలో పట్టుకొచ్చిన సముద్రపు నీళ్లు కాస్త పోయమంటాను. ఎరుపు కాస్తా నీలంగా మారిపోతుంది. అప్పటిదాకా రేణువుల మీదున్న విద్యుదావేశం వాటిని దూరందూరంగా ఉంచింది. ఉప్పు తగిలేసరికి ఆ వికర్షణ బలహీనపడి, అవి గుంపులుగా అతుక్కుపోయాయి.

మన రక్తంలోనూ అందుకు సరిపడా ఉప్పుంది. పైగా లోపలికి వెళ్లిన ఏ రేణువుకైనా ప్రొటీన్లు వచ్చి పట్టేస్తాయి. అందుకే మందు మోసే నానో రేణువులకు చాలాసార్లు పాలిమర్ పూత వేస్తారు. మామూలు రోబోనే కుదించి రక్తంలో వదిలేసే కథల్లో ఈ బాధలేవీ కనిపించవు. ఆ సైజులో గురుత్వాకర్షణ లెక్కలోకి రాదు, అతుక్కునే బలాలదే రాజ్యం. నీటి అణువులు నాలుగు వైపులా గుద్దుతూనే ఉంటాయి. ఈదాలంటే బెల్లం పాకంలో పడ్డట్టే. తోయడం ఆపిన క్షణమే రోబో ఆగిపోతుంది.

అలాగని కల్పనను తీసిపారేయలేం. 1959 డిసెంబరులో అమెరికాలోని కాల్‌టెక్ విద్యాసంస్థలో భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఇచ్చిన ఉపన్యాసంలో, సర్జన్ లాంటి చిన్న యంత్రాన్ని మింగేస్తే అది గుండెలోకి వెళ్లి కవాటాన్ని బాగుచేస్తుందన్న ఊహ ఉంది. అది తన మిత్రుడు ఆల్బర్ట్ హిబ్స్‌దని ఆయనే చెప్పాడు. 1986లో అమెరికా ఇంజినీరు ఎరిక్ డ్రెక్స్‌లర్ ఆ దారిలోనే ఇంకా ముందుకెళ్లి, పరమాణువులను పేర్చి వస్తువులు కట్టే యంత్రాల గురించి ఒక పుస్తకం రాశాడు. ఆ యంత్రాలు తమను తామే కాపీ చేసుకుంటూ భూమినంతా తినేస్తాయన్న 'గ్రే గూ' (బూడిదరంగు ముద్ద) భయం కూడా అందులోదే. కథలు రాసేవాళ్లకు పండగే మరి! కెమిస్ట్రీలో నోబెల్ అందుకున్న రిచర్డ్ స్మాలీ అలాంటి యంత్రాలు సాధ్యమంటే ఒప్పుకోలేదు. పరమాణువులను పట్టుకోవాల్సిన వేళ్లు కూడా పరమాణువులతో చేసినవే కాబట్టి అవి మరీ లావు, పైగా పట్టుకున్నదాన్ని వదలవు అన్నాడు. 2003లో ఇద్దరి వాదన అచ్చయింది. పిల్లల్ని భయపెట్టారని కూడా అందులో స్మాలీ డ్రెక్స్‌లర్‌ను తప్పుపట్టాడు. నాకైతే ఆ భయం కన్నా, నానో అంటే బుల్లి మరమనిషి అనే బొమ్మే ఎక్కువ చెరుపు చేసిందనిపిస్తుంది. నా క్లాసులో మొహాలు వేలాడేది దానివల్లే.

పరమాణువులను ఒక్కొక్కటిగా జరపడం మాత్రం జరిగింది. 1989లో కంప్యూటర్ల కంపెనీ ఐబీఎంలో డాన్ ఐగ్లర్ బృందం 35 జెనాన్ పరమాణువులతో కంపెనీ పేరు రాసింది. కాకపోతే శూన్యంలో, మైనస్ 269 డిగ్రీల దగ్గర. ఒంట్లో ఆ సౌకర్యం ఎక్కడిది?

శరీరంలోకి నిజంగా వెళ్లినవి వేరే రకం. ఫైజర్, మోడెర్నా కోవిడ్ టీకాల్లో ఎంఆర్‌ఎన్‌ఏను (ఏ ప్రొటీన్ తయారుచేయాలో కణానికి చెప్పే అణువును) కణాల్లోకి చేర్చింది సుమారు 100 నానోమీటర్ల కొవ్వు రేణువులు. (ఇక్కడ మనలో చాలామంది వేయించుకున్న కోవిషీల్డ్, కోవాక్సిన్ ఆ రకం కావు.) ఆ కొవ్వు రేణువులకు మోటారూ లేదు, స్టీరింగూ లేదు, అంతా కెమిస్ట్రీ. మెడికల్ షాపులో దొరికే ప్రెగ్నెన్సీ కిట్లు చాలావాటిలో కనిపించే ఎర్ర గీత కూడా బంగారు నానో రేణువులదే.

అణువులతో చేసిన యంత్రాల (మాలిక్యులర్ మెషిన్ల) మీద పరిశోధన లేకపోలేదు, 2016 కెమిస్ట్రీ నోబెల్ దానికే. కానీ అవి కథల్లోని రోబోలకు ఇంకా చాలా దూరం.

ఇక మీ తమ్ముడి సంగతి. డబ్బు కట్టేముందు సిలబస్ తెప్పించుకుని చూడమనండి. సర్ఫేస్ కెమిస్ట్రీ, స్పెక్ట్రోస్కోపీ, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ, ఇవే ఎక్కువ ఉంటాయి. బీకర్లు కడుక్కుంటూ సాయంత్రం దాకా ల్యాబ్‌లో కూర్చోవడం అతనికి ఇష్టమైతే చేరమనండి. రోబోల మీదే మనసుంటే మెకట్రానిక్స్ (యంత్రాలు, ఎలక్ట్రానిక్స్ కలిపి నేర్పే కోర్సు) చూసుకోవడం నయం.