స్వాల్‌బార్డ్‌కు దారి తిరుమల ఘాట్ రోడ్డు మీదుగానే

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. ఇంజినీరింగ్ వద్దట, జియాలజీ చదివి ఆర్కిటిక్ మంచు దీవుల్లో రాళ్ల మీద పరిశోధన చేస్తుందట. వీడియోలు చూసి పట్టుకున్న పిచ్చేమో అనిపిస్తోంది. అందులో బతుకుతెరువు ఉంటుందా? - ఒక తండ్రి, తిరుపతి

జవాబు: పిచ్చేం కాదండీ. నార్వేకు ఉత్తరాన ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల్లో దాదాపు 60 శాతం నేల హిమానీనదాల కిందే ఉంది. మిగతా చోట చెట్లే లేవు. అందుకే అక్కడి కొండలు పొర పొరగా బయటికి కనిపిస్తాయి. ఫెస్ట్‌నింగెన్ అనే తీరంలో పొరలు నిటారుగా లేచి నిలబడ్డాయి. కొన్ని కిలోమీటర్లు గట్టు వెంట నడిస్తే పాతిక కోట్ల ఏళ్ల పైచిలుకు చరిత్ర కాళ్ల కింద దాటిపోతుంది. మధ్యలో డైనోసార్ అడుగుజాడలు కూడా, 1960లో బయటపడ్డాయి. ఇంకోచోట దాదాపు 38 కోట్ల ఏళ్ల నాటి అడవి చెట్ల మొదళ్లు దొరికాయి. అప్పట్లో ఆ నేల భూమధ్యరేఖ దగ్గర ఉండేది మరి! ఇవన్నీ విన్న పిల్ల ఇంజినీరింగ్ వద్దంటే నాకేం ఆశ్చర్యం లేదు.

అయితే ‘ఆర్కిటిక్ జియాలజీ’ పేరున్న డిగ్రీ కోసం ఇప్పుడే వెతక్కండి. స్వాల్‌బార్డ్‌లో యూనిస్ అనే విశ్వవిద్యాలయ కేంద్రం ఉంది, 1993లో పెట్టారు. అది కోర్సులు చెబుతుంది కానీ సొంతంగా డిగ్రీ ఇవ్వదు. నార్వే ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు 2023 నుంచి ఐరోపా బయటి విద్యార్థుల దగ్గర ఫీజు తీసుకుంటున్నాయి. బీఎస్సీకే అప్పు చేసి పంపడం నాకు ఇష్టం లేదు. ఇక్కడే ఎస్వీ, ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయాల్లో జియాలజీ ఉంది. ఎమ్మెస్సీకి జామ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీకి వెళ్లొచ్చు. లెక్కలు, కెమిస్ట్రీ మాత్రం వదలనివ్వకండి.

మన దేశానికి స్వాల్‌బార్డ్‌లోని నీ-ఆలెసుండ్‌లో 2008 నుంచి ‘హిమాద్రి’ స్టేషన్ ఉంది. నడిపేది గోవాలోని ఎన్‌సీపీఓఆర్, అంటే జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం. పరిశోధన ప్రతిపాదన ఆమోదం పొందితే అక్కడికి పంపుతారు. ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. మనవాళ్లు అక్కడ ఎక్కువగా చూసేది హిమానీనదాలు, వాతావరణం, ఫియర్డ్ అనే సన్నటి సముద్రపు పాయల నీళ్లు. అచ్చంగా రాళ్ల పని తక్కువ. కాబట్టి మంచు, అవక్షేపాలు (నీళ్లూ మంచూ తెచ్చి పేర్చిన మట్టి, ఇసుక), జియోకెమిస్ట్రీ (రాళ్ల, మట్టి రసాయన శాస్త్రం) వైపు మొగ్గితే తలుపు తొందరగా తెరుచుకుంటుంది. ఇంకోటి, మంచులో గడిపేది కొన్ని వారాలే. ఏడాదిలో మిగతా కాలమంతా ల్యాబులో, కంప్యూటర్ ముందు.

ఇక జీతం సంగతి. ఎమ్మెస్సీ తర్వాత యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష రాస్తే కేంద్ర ప్రభుత్వ సంస్థ జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో గ్రూప్-ఏ ఉద్యోగం. ఆ సంస్థకు ధ్రువ ప్రాంతాల అధ్యయన విభాగం కూడా ఉంది, శిక్షణ సంస్థ హైదరాబాద్ బండ్లగూడలోనే. పరిశోధనే కావాలంటే నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాసి పీహెచ్‌డీ. ఈ దారిలో స్థిరపడేసరికి పదేళ్లు పడుతుంది, అందుకు మీరు సిద్ధపడాలి. అక్కడి ధ్రువపు ఎలుగుబంట్ల భయం గురించి అడగలేదు కానీ మనసులో ఉండే ఉంటుంది. ఊరు దాటితే వాటిని బెదరగొట్టే సాధనం వెంట ఉండాల్సిందే, తుపాకీ కూడా ఉంటే మంచిదంటారు. యూనిస్‌లో పిల్లలకు తుపాకీ కాల్చడం, మంచులో ప్రాణం కాపాడుకోవడం మొదట్లోనే నేర్పుతారు.

ఈ ఆదివారం అమ్మాయిని తిరుమల బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టండి. ఘాట్ రోడ్డు పక్కన కింద గ్రానైట్, దాని మీద క్వార్ట్‌జైట్ (ఇసుకరాయి మారి గట్టిపడ్డ రాయి) ఆనుకుని కనిపిస్తాయి. రెంటి వయసుకూ మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల ఖాళీ ఉందని జియలాజికల్ సర్వేవాళ్లు దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారు. మీరు ఎన్నిసార్లు దాన్ని దాటి వెళ్లారో! పైకెళ్లాక శిలాతోరణం ముందు నోట్‌బుక్ ఇచ్చి, పొరలు గీయమనండి. ఎండలో గంటసేపు గీసి, వచ్చే వారం మళ్లీ వెళ్దామని తనే అడిగితే, ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కోచింగ్ ఫీజు కట్టేముందు నాకు ఇంకో ఉత్తరం రాయండి.